మా పేటకి వచ్చిన మంచినీళ్లు

గోదావరి జిల్లాల్లో తాగే నీళ్లకి కరువంటే బయటివాళ్లు నమ్మరు. పెళ్లయ్యేదాకా నేనూ నమ్మేదాన్ని కాదు. మా పుట్టిల్లు పట్టిసీమ దగ్గర, ఏటిగట్టు మీదే. మా నాన్న గోదాట్లో వల వేసేవాడు. పడవని ఏటి మధ్యకి పోనిచ్చి బిందె ముంచుకొస్తే అవే మాకు తాగేనీళ్లు, అవే వంటనీళ్లు. నీళ్ల గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకున్న గుర్తు కూడా లేదు.

నన్నిచ్చింది సముద్రం ఒడ్డున ఉన్న పేటలో. అదే గోదారి పాయలుగా చీలి, ఊళ్లన్నిటికీ పొలాలు తడిపి, మా అత్తవారి పేట దగ్గరికి వచ్చేసరికి ఉప్పుతో కలిసిపోయేది. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఏటిపాయ, వెనకాల రొయ్యల చెరువులు. ఎటు చూసినా నీళ్లే, నోట్లో పోసుకోవడానికి మాత్రం పనికిరావు. మా అత్త కాపురానికి వచ్చిన రోజుల్లో ఆడవాళ్లు ఇసకదిబ్బల్లోకి వెళ్లి, చేతులతో చెలమ తోడి, అడుగున ఊరే నీటిని కొబ్బరిచిప్పతో బిందెలోకి ఎత్తుకునేవారట. రొయ్యల చెరువులు పెరిగాక ఆ చెలమలూ ఉప్పదేలాయి. నేను వచ్చేనాటికి పంచాయతీ ట్యాంకరు వచ్చేది. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కాలువలు కట్టేసే వేసవిలో దాని కోసం రోడ్డు మీద బిందెలు వరస పెట్టి, నీడకి కూర్చుని, వచ్చే దుమ్ము కేసి చూసేవాళ్లం.

నేను పదో తరగతి పాసై ఉండటంతో పేటలో అంగన్‌వాడీ పెట్టినప్పుడు ఆ ఉద్యోగం నాకొచ్చింది. మా ఆయనా, మరిదీ ఒకే బోటు మీద వేటకెళ్లేవారు. మామగారు నేను రాకముందే సముద్రంలో పోయారు. ఇంటికి పెద్ద మా అత్తే.

మరిదికి కాకినాడ హార్బరు దగ్గరి పిల్లని చేశాం. ఆ అమ్మాయి గురించే ఇదంతా రాస్తున్నాను.

నా తోటికోడలు సన్నగా, పొడుగ్గా ఉండేది. నోరు ఊరుకునేది కాదు. పట్నంలో పెరిగిన పిల్ల కదా, మా పేటలో ఎలా ఉంటుందో అని నేను భయపడ్డాను. వచ్చిన వారానికే మా వంటింట్లో ఉన్న బిందెలన్నీ బయట వేసి, చింతపండూ ఇసకా పెట్టి తోమి, ఎండలో బోర్లించింది. పాత వాయిలు చీర చింపి నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి, అందులోంచి తప్ప నీళ్లు పోయనిచ్చేది కాదు. కాళ్లు కడుక్కోకుండా చాప మీద అడుగు పెడితే మొగుణ్ణయినా సరే లేపి పంపేది. మా అత్త మొదట్లో విసుక్కునేది. ఉన్న రెండు బిందెల్లో ఒకటి దీని శుభ్రానికే సరిపోతోందని గొణిగేది. కొన్నాళ్లకి ఆవిడ కూడా గుమ్మం దగ్గర ఆగి కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసుకోవడం నేర్చుకుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆ పిల్ల చాలా బాధపడింది. పేటలో అప్పటికి మరుగుదొడ్లు లేవు. తెల్లారకముందే ఆడవాళ్లందరం కలిసి సరుగుడు తోటల్లోకి వెళ్లేవాళ్లం. మాకు అలవాటైపోయింది. తను అలవాటు చేసుకోలేకపోయింది. మొదటి కాన్పు ముందు నెలల్లో సాయంత్రం పూట అన్నం మానేసింది. ఎందుకే అని నేను గదమాయిస్తే, పొట్టలో ఏమీ లేకపోతే చీకటిపడ్డాక వెళ్లాల్సిన అవసరం రాదు కదక్కా అంది. ఆ మాట విన్నప్పుడు పక్కన మా మరిది వల బాగుచేస్తున్నాడు. చేతిలో నూలుకండె కాసేపు ఆగిపోయింది.

పాపకి రెండేళ్లు వచ్చేసరికి గవర్నమెంటు సాయంతో ఇళ్లకి లెట్రిన్లు కట్టుకోమన్నారు. పేటలో అందరికంటే ముందు కట్టింది మా మరిదే. గొయ్యి తనే తవ్వాడు. సిమెంటు ఒరలు బండి మీంచి దించి తనే దొర్లించుకొచ్చాడు. గోడలకి లేతనీలం రంగు వేశాడు. తలుపుకి లోపలి గడియ బిగించి, ఆమెని పిలిచి, వేసి తీసి చూడమన్నాడు. ఆమె లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కళ్లు తుడుచుకుని, రంగు వాసన కళ్లకి పట్టిందని చెప్పింది.

ఆ మరుసటి ఏడాది కుళాయిలు వచ్చాయి. ఎక్కడో ఎగువన కాలువ నీళ్లు చెరువుకి పెట్టి, శుభ్రం చేసి, ట్యాంకెక్కించి, గొట్టాల మీద మా పేట దాకా తెచ్చారు. మా ఇంటి ముందు కుళాయి తిప్పిన రోజున మా అత్త దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నడుం విరిగేలా మోసిన మనిషి. పారుతున్న నీళ్ల కింద అరచేయి పెట్టి, నీళ్లు మోచేతి మీదుగా కారిపోతున్నా తియ్యలేదు. నా తోటికోడలు వెనకనుంచి, "చాలు కట్టెయ్యత్తా, ఎక్కడికీ పోవులే" అంది. అందరం నవ్వాం. అప్పటికి తను మళ్లీ నీళ్లోసుకుని ఉంది. మూడో నెల.

కుళాయి వచ్చాక నా అంగన్‌వాడీలో కూడా పని తేలికైంది. పిల్లల్ని వరసగా నిలబెట్టి, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించేదాన్ని. వేళ్ల సందులూ, గోళ్లూ, మణికట్టూ అని పాటలా చెబుతుంటే వాళ్లూ అనేవారు. ఆ నీళ్లతోనే కడిగించాను. ఆ నీళ్లే గ్లాసుల్లో పోసి తాగించాను.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. మా పేటలో రెండడుగులు తవ్వితే నీరు. వానాకాలంలో ఒక అడుగు తవ్వినా చాలు. లెట్రిన్ల గోతులన్నీ అడుగునుంచి ఊరి నిండిపోయాయి. పైన నీళ్లు పోస్తే కిందికి దిగవు, వెనక్కి తంతాయి. ఒకరిద్దరు పై ఒరకి కన్నం కొట్టి, గొట్టం పెట్టి వీధి డ్రైనులోకి వదిలారు. వాళ్లని చూసి పక్కవాళ్లూ, వాళ్లని చూసి ఇంకొకళ్లూ. ఐదో నెల మనిషి, మళ్లీ ఆ వానలో సరుగుడు తోటలోకి, పాముల్లోకి ఎలా వెళుతుందని మా మరిది కూడా గొట్టం తెచ్చి పెట్టాడు. డ్రైను కంపు కొడుతోందని అందరం ముక్కు మూసుకున్నాం గానీ, దాన్లో మంచినీళ్ల గొట్టం పడుకుని ఉందని మాలో ఎవరికీ తెలీదు.

తుఫాను వెళ్లాక, చలి మొదలయ్యే రోజుల్లో నా తోటికోడలు అన్నం మానేసింది. ఏడో నెల దాటింది. అంగన్‌వాడీకి వచ్చి గుడ్డు తింటుందని పిలిస్తే, వాసన పడటం లేదక్కా, పొద్దున్నించీ వికారంగా ఉంది అంది. నెలల్లో ఉండేదే అనుకున్నాం. రెండో రోజున పాలగ్లాసు అందుకోవడానికి గుమ్మం దగ్గర ఎండలో నిలబడింది. ముఖం పైకెత్తి నవ్వబోయింది. కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి.

పక్క ఊళ్లో కామెర్లకి పసరు పోస్తారని, మూడు పూటల్లో తగ్గిపోతుందని వీధిలో వాళ్లు చెప్పారు. మా అత్త ఒప్పుకోలేదు. ఒంటిమనిషి కాదు, ఆసుపత్రికే అంది. ఆ మధ్యాహ్నమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చూసీ చూడగానే అంబులెన్సు పిలిపించి కాకినాడ పంపించింది.

కాకినాడలో, మరిది మందులకి వెళ్లినప్పుడు, డాక్టరు గారు మా ఆయన్నీ నన్నూ మంచం పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పారు. మామూలు మనిషికి ఈ కామెర్లు వచ్చి పోతాయి, చివరి నెలల్లో వస్తే లివరు తట్టుకోలేదు అన్నారు. ఎలా వచ్చిందండీ అని అడిగాను. "నీళ్లమ్మా. మలం కలిసిన నీళ్లు తాగితే వస్తుంది. ఇంట్లో పిల్లలుంటే ఈ రోజు నుంచే నీళ్లు కాచి తాగించండి."

నా తోటికోడలి చెవిన ఆ మాటలు పడ్డాయని మేం అనుకోలేదు. కళ్లు మూసుకునే ఉంది. డాక్టరు గారు వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

"పాపకి కాచిన నీళ్లే పట్టక్కా."

"నువ్వొచ్చి పట్టుదువు గాని, పడుకో."

"ఈలోగా నువ్వు పట్టు. చల్లారాకే. దానికి ఓపిక ఉండదు, వేడివేడిగా తాగేస్తది."

ఆమె నాతో తెలివిలో మాట్లాడిన మాటలు అవే ఆఖరు. మర్నాటికి మాట తడబడింది. నన్ను చూసి అమ్మా ఎప్పుడొచ్చావే అంది. మొగుడు చెయ్యి వేస్తే తోసేసింది. కడుపులో బిడ్డ కదలడం లేదని చెప్పారు. ఆ తర్వాత లేవలేదు. వాళ్లు చెయ్యగలిగిందంతా చేశారు. ఆ వార్డులో పనిచేసే నర్సమ్మ ఒకావిడ ఆమె జడ విప్పి దువ్వి అల్లడం నేను చూశాను. అంత పనిలో ఆవిడ ఎందుకు దువ్విందో తెలీదు. ఎవరి మనసు ఎలా ఉంటుందో.

ఇంటికి తెచ్చి వీధి అరుగు మీద దించారు. పసుపు రాయడానికి వచ్చిన ముత్తైదువలు చేతులు ఆడక నిలబడిపోయారు. ఒళ్లంతా అప్పటికే పచ్చగా ఉంది.

దినాలు అవకముందే మా వీధిలో ఇంకొందరికి కళ్లు పచ్చబడ్డాయి. నా అంగన్‌వాడీ పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లు బతికారు. ఏఎన్నెమ్ గారు వచ్చి ఇల్లిల్లూ తిరిగారు. నీళ్లు పరీక్షించడానికి చిన్న సీసాలు తెచ్చారు. అందులో నీళ్లు పోసి ఒక రోజు ఉంచితే, మురుగు కలిసి ఉంటే నల్లబడతాయట. ట్యాంకు దగ్గర పట్టిన సీసా తెల్లగానే ఉంది. మా ఇంటి కుళాయి దగ్గర పట్టిన సీసా పొద్దుటికి కాటుకలా ఉంది. మా అత్త ఆ సీసాని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. దించి, నా చేతికిచ్చి, లోపలికి వెళ్లిపోయింది.

మంచినీళ్ల పథకం ఏఈ గారు మనుషుల్ని పెట్టి డ్రైను ఎత్తించారు. బురద తీసేసరికి అడుగున మంచినీళ్ల గొట్టం బయటపడింది. ఒక అతుకు దగ్గర పగిలి ఉంది. వీధి ఇరుకు, అటు ఇళ్ల అరుగులు, ఇటు రోడ్డు. గొట్టం వేసినప్పుడు చోటు దొరక్క ఎవరో డ్రైను అంచునే వేశారు, డ్రైను కోసుకుపోయి గొట్టం లోపలికి జారింది. నీళ్లు వదిలినప్పుడు పగులులోంచి మంచినీళ్లు బయటికి వస్తాయని, కట్టేశాక గొట్టం ఖాళీ అయి మురుగుని లోపలికి పీల్చుకుంటుందని, మళ్లీ వదిలినప్పుడు అదే ముందుగా కుళాయిలోకి వస్తుందని ఆయన మాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆయన చెబుతుంటే అందరం గొట్టం వైపు చూస్తున్నాం. కాసేపటికి ఒక్కొక్కరే చూపు పైకి తిప్పారు. డ్రైను పొడుగునా ఇళ్ల వెనకనుంచి వచ్చి వంగిన గొట్టాలు వరసగా కనబడుతున్నాయి.

మా మరిది గుంపు చివర నిలబడి ఉన్నాడు. అందరూ వెళ్లాక ఇంట్లోకి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"మన గొట్టం కూడా ఉంది కదా వదినా" అన్నాడు.

"అన్ని ఇళ్లవీ ఉన్నాయి. పగిలింది ఎక్కడో, కలిసింది ఎవరిదో ఎవరికి తెలుసు?"

"అదే. నాది కాదని ఎవరూ చెప్పలేరు."

నేను ఎన్నో రకాలుగా చెప్పాను. ఆమె సుఖం కోసమే కదా పెట్టావన్నాను. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదేమో. అతను ఆ సాయంత్రం మా గొట్టం పీకి, కన్నానికి సిమెంటు వేశాడు. లేతనీలం గదికి బయటనుంచి తాడు కట్టాడు.

గొట్టాన్ని డ్రైనులోంచి తీసి ఇళ్ల పక్కన వెయ్యాలంటే చోటు కావాలి. ప్రతి ఇంటికీ ముందు అరుగో, మెట్లో, గిన్నెలు తోమే గట్టో వీధిలోకి వచ్చి ఉన్నాయి. అవి తీస్తే పని మొదలుపెడతానని ఏఈ గారు చెప్పి వెళ్లారు. పగిలిన అతుకు మాత్రం అప్పటికి బిగించారు. గ్రామ సచివాలయం మీటింగులో అందరూ తలలూపారు. వీధిలోకి వచ్చాక ఎవరూ గునపం పట్టలేదు. పోయినావిడకి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే. అతుకు బిగించారు కదా, మళ్లీ పగిలితే చూద్దాంలే అన్నారు. ఎదురింటి పెద్దాయన, అరుగు లేకపోతే వల ఎక్కడ ఆరేసుకోవాలి, మా నాన్న కట్టింది పగలగొట్టమంటే ఎలాగండి అని నాతోనే వాదించాడు. ఆయన కోపం కూడా నాకు తెలుస్తూనే ఉంది. మా పేటలో ఇంటికి అరుగే సగం ఇల్లు. నేను వారాల తరబడి అంగన్‌వాడీ అయ్యాక ఇల్లిల్లూ తిరిగాను. మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టేవారు. ఆ గ్లాసు పట్టుకుని ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఒక పొద్దున్న వీధిలో దబ్ దబ్ మని చప్పుడు వినబడి బయటికి వచ్చాను. మా అత్త చీర బిగించి దోపుకుని, గునపంతో మా అరుగు పొడుస్తోంది. మామగారు చేయించిన నల్లరాతి పలకలు అవి. డెబ్బై దగ్గరి మనిషి. పోటు పడిన ప్రతిసారీ ఒళ్లంతా అదురుతోంది. నేను పరిగెత్తి పట్టుకోబోయాను.

"వదులు పెద్దమ్మాయ్."

"అబ్బాయిలు వేటనుంచి వచ్చాక తీస్తారు కదత్తా."

"నా కోడల్ని దీని మీదే దించారు. నేనిక దీని మీద కూర్చోలేను." గుమ్మంలో నిలబడి చూస్తున్న ఎదురింటి పెద్దాయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "మీ అరుగులు మీ ఇష్టం బాబూ. మీ ఇంట్లోనూ కడుపుతో ఉన్న పిల్ల ఉంది."

ఆయన లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ పూట ఆయన రాలేదు. మూడో నాడు వచ్చి, తన మెట్ల మీది రాయి పెకలించాడు. తర్వాత మిగతావాళ్లు. కొందరు మనస్ఫూర్తిగా తీశారు, కొందరు తిట్టుకుంటూ తీశారు. చివరి ఇంటివాళ్లు ఇప్పటికీ మాతో మాట్లాడరు. పని నడిచినన్నాళ్లూ మళ్లీ ట్యాంకరు నీళ్లే. వేసవి మొదట్లో కొత్త గొట్టం వేసి మూశారు. మురుగు ఇటు, మంచినీళ్లు అటు.

సీసాలతో నీళ్లు పరీక్షించడం మా ఆడవాళ్లకి నేర్పించారు. నేనూ నేర్చుకున్నాను. మా కుళాయి దగ్గర పట్టిన మొదటి సీసా మర్నాడు చూస్తే తెల్లగానే ఉంది. సంతోషించాలి. కిటికీలో పెట్టి, దాన్ని చూస్తూ పొయ్యి మీద అన్నం మాడ్చాను. ఎదురింటి పిల్లకి ఆ నెలలోనే ఆడపిల్ల పుట్టింది. చూడటానికి వెళ్లాం. మా అత్త పసిదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, అరికాళ్లు చూసి, కళ్లు చూసి, బాగుందమ్మా అని లేచి వచ్చేసింది.

మరిది వేట మానేశాడు. పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాడు. వేట నిషేధం రోజుల్లో ఒక్కడూ మా లెట్రిన్ పడగొట్టి, సచివాలయంలో ఇంజనీరు కుర్రాడు చెప్పినట్టు కొత్తది కట్టాడు. నీటి మట్టానికి పైన ఉండేలా ఒరలు ఎత్తున నిలబెట్టి, చుట్టూ మట్టి దిబ్బలా పోసి, ఎక్కడానికి మెట్లు పెట్టాడు. ఒకటి నిండితే ఇంకోదానికి మళ్లించేలా రెండు గోతులు. తర్వాతి వానలకి అది నిండలేదు. పక్కవాళ్లు అడిగితే వాళ్లకీ కట్టాడు. అలా అలా ఇప్పుడు అదే అతని పని అయింది. ఏటి అవతలి పేటల వాళ్లు కూడా పిలుస్తున్నారు. పొద్దున్నే తాపీ, పార సైకిలుకి కట్టుకుని రేవు దాటి వెళతాడు.

పాప నా దగ్గరే పెరుగుతోంది. బడికి వెళుతోంది. తల్లి ముఖం గుర్తులేదు. నన్నే అమ్మా అంటుంది, తండ్రిని చూస్తే కాస్త బెదురుతుంది. అతనూ దగ్గరికి తీసుకోవడానికి జంకుతాడు. దూరంగా కూర్చుని అది రాసుకుంటుంటే చూస్తాడు.

ఈ మధ్య ఒకరోజు అతనికి క్యారేజీ సర్దుతూ, నేనే ఉండబట్టలేక అడిగాను. మీ అన్నయ్య ఒక్కడే బోటు మీద కష్టపడుతున్నాడు, నువ్వూ మళ్లీ వెళ్లకూడదా, ఎన్నాళ్లని ఈ గోతులు తవ్వుతావని.

"సముద్రం మీద ఉంటే ఆలోచనలొస్తాయి వదినా. గొయ్యి తవ్వుతుంటే రావు."

చేపల పులుసు గిన్నె పక్కన ఇంకో గరిటెడు అన్నం పెట్టి, మూత బిగించి ఇచ్చాను.